అప్‌గ్రేడ్ చేస్తే వారంటీ పోయినట్టేనా?

ప్రశ్న: మాది గుంతకల్లు. ఇంటి దగ్గరే ఆన్‌లైన్ దరఖాస్తులు నింపి ఇస్తూ బతుకుతున్నాను. ఎనిమిది నెలల క్రితం బెంగళూరులో రూ.58 వేలకు ల్యాప్‌టాప్ కొన్నాను. ఏడాది వారంటీ ఉంది. గత నెల తెరపై సూచన వస్తే విండోస్‌ను కొత్త వెర్షన్‌కు అప్‌గ్రేడ్ చేశాను. ఆ రోజు నుంచి వైఫై రావడం లేదు. సర్వీస్ సెంటర్‌వాళ్లు నెట్‌వర్క్ కార్డు పోయిందని, అప్‌గ్రేడ్ నేనే చేసుకున్నాను కాబట్టి వారంటీ వర్తించదని, మదర్‌బోర్డు మార్చడానికి రూ.14 వేలు కట్టాలని అంటున్నారు. బెంగళూరు వెళ్లి కేసు వేయాలా?

జవాబు: డబ్బు అప్పుడే కట్టకండి. కార్డు నిజంగా చెడిపోయిందా, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్ కొత్త విండోస్‌తో పొసగడం లేదా అన్నది ముందు తేలాలి. మీ కేసు బలమంతా ఇక్కడే ఉంది. ఫోనును యూఎస్‌బీ వైరుతో కలిపి నెట్ తెచ్చుకోండి. కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్‌కు ఉన్న వైఫై డ్రైవర్ వేసి చూడండి. అప్పటికీ రాకపోతే, తెలిసినవారి చేత విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటును పెన్‌డ్రైవ్ నుంచి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపించండి. అందులో వైఫై అందితే కార్డు బాగున్నట్టే. అందకపోయినా కార్డు చచ్చిందని అంతమాత్రాన ఒప్పుకోనక్కర్లేదు. ఇదంతా వీడియో తీసి ఉంచండి. స్క్రూలు మాత్రం విప్పనివ్వకండి. విప్పితే వాళ్లకు కొత్త సాకు దొరుకుతుంది.

కార్డు బాగుంటే, మదర్‌బోర్డుకు రూ.14 వేలు అడగడమే సేవాలోపం. కార్డు పోయి ఉంటే అది హార్డ్‌వేర్ లోపం, వారంటీ గడువులోనే వచ్చింది. కంపెనీ మోడల్‌కు అధికారికంగా అందిన అప్‌గ్రేడ్ వల్లే పాడైందని వాళ్లు నోటిమాటగా అంటే చాలదు, ఆధారం చూపాలి. సాఫ్ట్‌వేర్ సమస్యలకు వారంటీ లేదనే షరతు చాలా వారంటీ కార్డుల్లో ఉంటుంది. మీ వారంటీ కార్డు ఆసాంతం చదవండి. నిరాకరణను సర్వీస్ సెంటర్ ఇచ్చే జాబ్ షీట్ మీద రాసి ఇమ్మనండి, ఇవ్వకపోతే ఈమెయిల్‌లో అడగండి. చాలామంది ఈ ఒక్క కాగితం లేకే ఓడిపోతారు.

బెంగళూరు వెళ్లక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు. మీకు అనంతపురంలోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్న ధర రూ.5 లక్షల వరకు ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు. ఫిర్యాదుకు కారణం తలెత్తిన రోజు నుంచి 2 ఏళ్ల గడువు ఉంటుంది. వ్యాపారానికి కొన్నారు, మీరు వినియోగదారులే కాదని వాళ్లు వాదించవచ్చు. స్వయం ఉపాధితో బతకడానికి సొంతంగా వాడుకునేవారికి ఆ అభ్యంతరం వర్తించదని సెక్షన్ 2(7) వివరణ చెబుతోంది. ఆ సంగతి ఫిర్యాదులోనే రాయండి. లోపం తేల్చడానికి పరీక్ష అవసరమైతే కమిషన్ సెక్షన్ 38 కింద ల్యాప్‌టాప్‌ను ప్రయోగశాలకు పంపగలదు.

అంతకంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. కంపెనీకి, అమ్మిన దుకాణానికి 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ల్యాప్‌టాప్‌ను మళ్లీ ఎవరికి అప్పగించినా, మీ దగ్గరికి వచ్చినవారి ఆధార్ కాపీలు, ధ్రువపత్రాలు వేరే చోట భద్రపరిచి అందులోంచి తీసేయండి.