టేక్ అనే మాట జోలికి వెళ్తున్న నా తల్లికి

బంగారూ, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు టేక్ అనే ఒక్క ఇంగ్లీషు క్రియ మీద పుస్తకం రాస్తున్నావని, దాని అర్థాలు, పుట్టుక, తెలుగులో ఎక్కడ ఏ మాట పడుతుందో అన్నీ అందులో పెడుతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నలభై ఏళ్ళు అనువాదాలు చేసిన నాకే రాని ధైర్యం, నా చేతుల్లో పెరిగిన పిల్లకి వచ్చిందని ఒళ్ళు పొంగింది. ఆ వెంటే టెన్షన్ కూడా పట్టుకుంది. నిద్ర రాక ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మంచి నిఘంటువులు రెండు మూడు దగ్గర పెట్టుకో. ప్రతి అర్థానికీ పూర్తి వాక్యం రాసుకో, ఒంటి మాట రాసుకోకు. రాసింది పైకి చదువు. ఇవన్నీ నీకు తెలిసినవే.

పుట్టుక దగ్గర మాత్రం కాస్త నిలబడు. టేక్ ఇంగ్లీషులో మొదటినుంచీ ఉన్న మాట కాదు. పాత ఇంగ్లీషులో తీసుకోవడాన్ని నిమన్ అనేవాళ్ళు. జర్మన్‌లో ఈనాటికీ నేమెన్ అంటారే, అది దాని తోబుట్టువు. 793లో లిండిస్‌ఫార్న్ మఠం మీద పడి దోచుకున్న, స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగుల జాతివాళ్ళు తరవాత్తరవాత ఇంగ్లండ్‌లోనే కాపురాలు పెట్టారు. ఇరుగూపొరుగూ మాటల్లో, తీసుకోవడానికి వాళ్ళు వాడే టాకా అనే మాట ఇంగ్లీషులో చేరి, కొన్ని వందల ఏళ్ళలో నిమన్‌ని పక్కకి నెట్టేసింది. ‘వాళ్ళు’ అని చెప్పే దే కూడా ఆ భాష నుంచి వచ్చిందే. నిమన్ మాత్రం పూర్తిగా పోలేదు. చెయ్యి తిమ్మిరెక్కి మొద్దుబారితే ఇంగ్లీషులో నమ్ అంటారు చూడు, అది నిమన్ బిడ్డ. ఏదో వచ్చి పట్టేసుకుంటే మన స్వాధీనం తప్పిన చెయ్యి అన్నమాట. దీనికి నీ పుస్తకంలో ఒక పేజీ ఇచ్చినా తక్కువే.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది. జర్మన్, ఇంగ్లీషులకి చుట్టమైన గోథిక్ అనే పాత భాషలో, టేక్‌కి చుట్టమైన టేకన్‌కి తాకడం అని అర్థం. అది చూడగానే మన ‘తాకు’కీ దానికీ ముడి వెయ్యబుద్ధవుతుంది. వేశావంటే ఊరుకోను. మన తాకు చుట్టాలు తమిళంలో, కన్నడంలో ఉన్నాయి. చప్పుడు కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు. ఇలాంటిది ఒక్కటి దొర్లితే చదివేవాళ్ళు మిగతా పుస్తకాన్నీ నమ్మరు.

ఇక తెలుగు. టేక్ కనపడగానే ‘తీసుకో’ అని రాసే అలవాటు మానుకో. ఫోటో తీస్తాం, పరీక్ష రాస్తాం, స్నానం చేస్తాం, మాత్ర వేసుకుంటాం, కషాయం తాగుతాం, చెప్పులు విడుస్తాం. పనికి టైం పడుతుంది. పిల్లకి తల్లి పోలిక వస్తుంది. వీటన్నిటికీ అక్కడ టేకే. ‘అతను బస్సు తీసుకున్నాడు’ అని ఒక అనువాదంలో చదివాను. పాపం, చదివేవాళ్ళు అతను బస్సు కొన్నాడనుకోరూ? ‘నిర్ణయించుకోవడం’ ఉండగా ‘నిర్ణయం తీసుకోవడం’ నాకు ఇప్పటికీ పంటి కింద రాయిలా ఉంటుంది, కానీ జనం నోట్లో పడి నలిగిపోయింది, దాంతో పోట్లాడకు. టేక్‌కి దీటైన మాట కావాలంటే మన ‘పట్టు’ని చూడు. గొడుగు పడతాం, దారి పడతాం, మంచం పడతాం, పంతం పడతాం. తుప్పు పడుతుంది, చెమట పడుతుంది, కునుకు పడుతుంది. ఈ వరస ముందు పెట్టుకుంటే ఒక్క మాట అంత బరువు ఎలా మోస్తుందో చదివేవాళ్ళకి చప్పున తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా చెప్పలేదు.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. ఇంగ్లీషు రాని ఒకావిడ ఒక ఉత్తరం తెచ్చి చదివి పెట్టమంది. దూరదేశంలో ఉన్న కొడుకు సంగతులు అతని స్నేహితుడు రాశాడు. ఉద్యోగం పోయినప్పుడు అతను ఒక ముసలి దంపతుల చేత ‘టేకెన్ ఇన్’ అయ్యాడని అందులో ఉంది. టేక్ ఇన్ అంటే మోసగించడం అని ఆ నెలలోనే కొత్తగా నేర్చుకున్నాను. ఎంత గర్వంగా చెప్పానో! ‘మీ అబ్బాయి ఒక ముసలి దంపతుల చేతిలో మోసపోయాడండీ’ అన్నాను. కింది వాక్యంలో, అతను ఇప్పటికీ ప్రతి ఆదివారం వాళ్ళింటికి వెళ్తుంటాడని ఉంది. మోసం చేసినవాళ్ళింటికి ఎందుకు వెళ్తాడు? ఆ ప్రశ్న నాకూ వచ్చింది తల్లీ. వచ్చినా ఆగలేదు. ‘తేల్చుకోవడానికి’ అని ఉత్తరంలో లేని మాట ఒకటి నేనే కలిపేశాను.

టేక్ ఇన్ అంటే ఇంట్లోకి చేర్చుకోవడం కూడా. వాళ్ళు ఆ పిల్లాణ్ణి చేరదీశారు.

ఏడాదిన్నర తరవాత కొడుకు వచ్చి చెబితే గానీ ఆవిడకి తెలియలేదు. నా దగ్గరికి వచ్చింది. తిట్టలేదు. ‘నా బిడ్డకి అన్నం పెట్టిన చేతుల్ని ఇన్నాళ్ళూ శపించానమ్మా, ఇప్పుడేం చెయ్యను?’ అంది. ఆ దంపతులకి ఒక ఉత్తరం రాసి పెట్టమంది. రాశాను. ఆవిడ పక్కనే కూర్చుని ప్రతి వాక్యాన్నీ మళ్ళీ తెలుగులో చెప్పించుకుంది. మూడుచోట్ల ‘నేనన్నది అది కాదు’ అంది. మూడుచోట్లా ఆవిడ మాటే నిజం. నేను అనువాదం నేర్చుకున్నది ఆ సాయంత్రమే.

అందుకే తల్లీ, క్రియకి అర్థం దొరికిందని అనిపించగానే కింది వాక్యం చదువు. అది పొసగకపోతే కింది వాక్యాన్ని సర్దకు, నీకు దొరికిన అర్థాన్ని అనుమానించు. నీ పుస్తకంలో వెయ్యి లోపాలున్నా నాకు భయం లేదు. లేని మాట కలుపుతావేమో అన్నదే నా భయం. నువ్వు కలుపుతావని కాదు. నేను కలిపాను కాబట్టి.

రాత్రుళ్ళు మేలుకుని రాయకు, నీ కళ్ళు అసలే బలహీనం. రాసిన పేజీలు పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి పంపితే నేను చూస్తాను.

ఆవిడ అనుమతితో ఆ పాత ఉత్తరాన్ని అప్పట్లో నా నోటుపుస్తకంలో ఎత్తి రాసుకున్నాను. పేర్లు చెరిపేసి ఆ పేజీ నకలు దీంతో పెడుతున్నాను. రెండో పేరా నువ్వు తెలుగు చేసి, అందరికంటే ముందు నాకు పంపు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ