'మోల్' అనే ఒక్క ఇంగ్లీషు మాటకి ఇన్ని అర్థాలెలా వచ్చాయి?

మోల్ అంటే పుట్టుమచ్చ, కెమిస్ట్రీలో ఒక ప్రమాణం, లోపల ఉండి సమాచారం బయటికి చేరవేసే గూఢచారి... వీటికి ఒకదానితో ఒకటి సంబంధం ఏమిటని, పనిలో పనిగా మోలార్ పన్నుకీ (అంటే దవడ పన్నుకీ) కెమిస్ట్రీలోని మోలార్ ద్రావణానికీ చుట్టరికం ఉందా అని కూడా ఒకరు అడిగారు. అసలది ఒక మాట కాదండీ. వేరే వేరే చోట్ల పుట్టిన నాలుగైదు మాటలు తిరిగి తిరిగి ఒకే స్పెల్లింగులోకొచ్చి ఇరుక్కున్నాయి.

నేను సబ్‌టైటిల్స్ అనువాదం చేస్తుంటాను. ఒక గూఢచారి సీరియల్‌కి మెషీన్ చేసిన తెలుగు నా దగ్గరికి దిద్దడానికి వస్తే, అందులో పై అధికారి తలుపులన్నీ మూయించి, గొంతు తగ్గించి "మన ఆఫీసులో ఒక పుట్టుమచ్చ ఉంది, అదెవరో కనిపెట్టాలి" అంటాడు! నవ్వుకోవడం అయ్యాక డిక్షనరీ తీస్తే మోల్ ఒక్కచోట లేదు, పక్కన చిన్న చిన్న అంకెలతో విడివిడిగా ఉంది. మంచి ఇంగ్లీషు డిక్షనరీల్లో అలా అంకెలు వేసి విడదీశారంటే మామూలుగా ఆ మాటల పుట్టుక వేరని అర్థం. ఒకే అంకె కింద వరసగా అర్థాలిస్తే మాట ఒకటే, వాడుక పెరిగిందని. చాలామంది ఆ అంకెల్ని దాటేసి నేరుగా అర్థంలోకి వెళ్ళిపోతారు.

పుట్టుమచ్చ మోల్ ఇంగ్లీషు సొంత మాట. పాత ఇంగ్లీషులో అది 'మాల్', అంటే మచ్చ, మరక. పాత ఇంగ్లీషులోని ఆ దీర్ఘమైన 'ఆ' తర్వాతి కాలంలో 'ఓ' అయిపోయింది. 'స్టాన్' స్టోన్ అయినట్టు, 'హామ్' హోమ్ అయినట్టు 'మాల్' కూడా మోల్ అయింది. నేలలో సొరంగాలు తవ్వుకుని బతికే జంతువు పేరు మాత్రం వేరే దారిలో వచ్చింది, డచ్ భాషలో దాన్ని ఇప్పటికీ 'మోల్' అనే అంటారు (చూడ్డానికి ఎలుకలా ఉంటుంది గానీ ఎలుక జాతి కాదు). ఇక గూఢచారికి వేరే పుట్టుకేం లేదు, ఆ జంతువు పేరే ఇతనికీ పెట్టారు, ఇద్దరూ పైకి కనబడకుండా లోపల్లోపల తవ్వేవాళ్ళే కదా.

నాకు అన్నిటికంటే నచ్చింది కెమిస్ట్రీ మోల్ కథ. 1890లలో జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ ఓస్ట్‌వాల్డ్ 'మోలెక్యూల్' (అణువు) అనే మాటని కత్తిరించి దీన్ని తయారుచేశాడు. తమాషా ఏంటంటే పరమాణువులు నిజంగా ఉన్నాయంటే చాలా ఏళ్ళపాటు ఒప్పుకోని పెద్దమనుషుల్లో ఆయన ఒకడు, ఇప్పుడేమో మోల్ అంటేనే కణాల లెక్క! 2019 నుంచి దాని నిర్వచనం కూడా నేరుగా ఆ సంఖ్యే, 6.02214076 × 10²³ కణాలు. సరే, మోలెక్యూల్ అనేది లాటిన్‌లో 'మోలెస్' నుంచి పుట్టింది. మోలెస్ అంటే పెద్ద ముద్ద, భారీ రాశి, దానికి 'బుల్లి' అనే అర్థమిచ్చే తోక తగిలిస్తే మోలెక్యూల్. హార్బర్లలో అలల్ని ఆపడానికి సముద్రంలోకి కట్టే రాతిగోడని కూడా ఇంగ్లీషులో మోల్ అంటారు, అదీ ఈ మోలెస్ నుంచే. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో, ఫ్రాన్స్‌లోని డంకర్క్ రేవు నుంచి సైనికుల్ని తరలించినప్పుడు చాలామంది ఓడలెక్కిన 'ఈస్ట్ మోల్' కూడా అలల్ని ఆపే అలాంటి కట్టడమే. అంటే డిక్షనరీలో వేరే అంకెలతో ఉన్నా, మైలు పొడవుండే రాతికట్టా కంటికి కనబడని కణాల లెక్కా లాటిన్‌లో ఒకే ఇంటివి. 'డిమాలిష్' కూడా ఈ వంశమే, కట్టినదాన్ని పడగొట్టడం. ఈ సంగతి తెలిసిన రోజు నేను చేస్తున్న పని పక్కన పెట్టేసి చాలాసేపు వీటి వెంటే తిరిగాను.

మెక్సికో వాళ్ళ సాస్ ఒకటుంది, స్పెల్లింగ్ అదే గానీ పలకడం 'మోలే'. అది మెక్సికో ఆదివాసుల నావాట్ల్ భాషలోని 'మోల్లి', అంటే సాస్ అనే అర్థం. గ్వాకమోలేలో చివరి ముక్క కూడా ఇదే. లాటిన్‌తో గానీ పాత ఇంగ్లీషుతో గానీ దీనికి ఏ సంబంధమూ లేదు.

మోలార్ సంగతికొస్తే, లేదు, రెండూ వేరు. మోలార్ ద్రావణం కెమిస్ట్రీ మోల్ నుంచి వచ్చింది. మోలార్ పన్నులో ఉన్నది లాటిన్ 'మోలా', అంటే తిరగలి రాయి. దవడ పళ్ళు చేసేది ఆ పనే, నమిలి పిండి చేయడం.