కొత్త రన్నింగ్ బ్యాక్ గురించి రాస్తున్న తమ్ముడికి

మే 2025

తమ్ముడూ,

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి కొత్తగా వచ్చిన రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడు) యాష్టన్ జెంటీ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. డైనస్టీ ఫాంటసీ ఫుట్‌బాల్ (అసలు ఆటగాళ్లతో ఊహా టీమ్ కట్టి, వాళ్ల ఆట అంకెల మీద పాయింట్లు గెలిచే పోటీ) గురించి తెలుగులో ఇంత శ్రద్ధగా రాసేవాళ్లు తక్కువ. నీ వ్యాసం నాకు సంతోషం కలిగించింది కాబట్టే మొహమాటం లేకుండా రాస్తున్నాను. ఏమీ అనుకోకు.

వ్యాసంలో సగానికి పైగా జెంటీని తీసుకున్న టీమ్, లాస్ వేగస్ రైడర్స్ గురించే ఉంది. కోచ్ పీట్ క్యారల్‌కి రన్నింగ్ ఆట ఇష్టమని రాశావు. క్వార్టర్‌బ్యాక్‌గా (బంతి విసురుతూ ఆట నడిపించేవాడు) జీనో స్మిత్ వచ్చాడన్నావు. 2024లో లీగ్ మొత్తం మీద పరుగుతో అతి తక్కువ యార్డులు తెచ్చింది ఈ టీమే కాబట్టి జెంటీ చేతికి బంతి దండిగా దొరుకుతుందన్నావు. ఇందులో ఒక్కటీ తప్పు కాదు. కానీ వీటిలో 2027 దాకా నిలిచేవి ఎన్ని? ఒక్క సీజన్‌తో ముగిసే లీగ్‌కైతే ఈ వ్యాసం సరిపోతుంది. డైనస్టీలో ఆటగాణ్ని తీసుకున్నవాడు ఏళ్ల తరబడి అట్టే పెట్టుకుంటాడు. అలాంటివాడికి రాసేటప్పుడు ఏ కారణం ఆటగాడితో పాటు వెళ్తుందో, ఏది ఆ టీమ్ దగ్గరే ఆగిపోతుందో విడదీసి చూపించాలి. నువ్వు రెండిటినీ కలిపేశావు. అత్తవారి ఇల్లు చూసి పెళ్లికొడుక్కి మార్కులు వేసినట్టుంది.

2020 గుర్తు చేసుకో. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే చోటు, ఒక్కో వంతు ఒక పిక్) కాన్సస్ సిటీ చీఫ్స్ మొదటి రౌండ్ చివరి పిక్‌తో, అంటే 32వ పిక్‌తో, లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) నుంచి వచ్చిన క్లైడ్ ఎడ్వర్డ్స్-హిలేర్‌ని తీసుకుంది. కొద్ది నెలల ముందే సూపర్ బౌల్ గెలిచిన టీమ్ అది. క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్, కోచ్ ఆండీ రీడ్. ఇంకేం కావాలి అనుకున్నారు అందరూ. చాలా ఫాంటసీ లీగుల్లో రూకీ (తొలి ఏడాది ఆటగాళ్ల) డ్రాఫ్ట్ మొదటి పిక్ అతనికే పోయింది. తర్వాత 41వ పిక్‌తో ఇండియానాపొలిస్ కోల్ట్స్ జొనాథన్ టేలర్‌ని తీసుకుంది. 226 పౌండ్ల మనిషి 40 యార్డులు 4.39 సెకన్లలో పరిగెత్తాడు. విస్కాన్సిన్ యూనివర్సిటీలో మూడేళ్లలో 6,174 యార్డులు సాధించాడు. హిలేర్ బరువు 207 పౌండ్లే, పైగా అదే దూరానికి 4.60 సెకన్లు తీసుకున్నాడు. అయినా టేలర్ విషయంలో వెనకాడినవాళ్లు ఎందరో. కోల్ట్స్‌లో అంతకుముందు సీజన్‌లో 1,091 యార్డులు చేసిన మార్లన్ మ్యాక్ ఉన్నాడు కదా అన్నారు. కాలేజీలోనే 926 సార్లు బంతి మోశాడు, ఒళ్లు అరిగిపోయి ఉంటుందన్నారు.

ఆ తర్వాత మ్యాక్ మొదటి మ్యాచ్‌లోనే అకిలీస్ టెండన్ తెగి సీజన్ అంతటికీ దూరమయ్యాడు. ఆ గాయాన్ని ఎవరూ ఊహించలేరు. కానీ అతని రూకీ కాంట్రాక్ట్ ఆ సీజన్‌తోనే ముగుస్తుందన్న సంగతి అందరి కళ్లెదుటే ఉంది. టేలర్ 2021లో 1,811 యార్డులతో లీగ్ మొత్తంలో మొదటి స్థానంలో నిలిచాడు. హిలేర్ తన తొలి మ్యాచ్‌లో 138 యార్డులు చేశాడు గానీ ఆ సీజన్ 803 దగ్గర ఆగింది. ఇప్పటిదాకా ఆ అంకెను మళ్లీ దాటలేదు. 2023లో చీఫ్స్ అతని ఐదో ఏడాది ఆప్షన్ (కాంట్రాక్ట్‌ని ఇంకో ఏడాది పొడిగించే హక్కు) వద్దనుకుంది. ఇక్కడ నువ్వు గమనించాల్సింది ఒకటుంది. మహోమ్స్ ఎక్కడికీ పోలేదు, రీడ్ కూడా పోలేదు. జనం మురిసిపోయిన పరిస్థితి చెక్కుచెదరకుండా అలాగే ఉంది. అయినా ఆటగాడిలో లేని వేగాన్ని, బలాన్ని అది తెచ్చిపెట్టలేకపోయింది.

పిక్ నంబర్ సంగతి వేరు. జెంటీని ఆరో పిక్‌తో తీసుకున్నారన్న వాస్తవం అతనితో పాటు కొన్నేళ్లు నడుస్తుంది. అంత ఖర్చు పెట్టిన టీమ్ రెండు మ్యాచ్‌లు బాగా ఆడలేదని బెంచ్ మీద కూర్చోబెట్టదు. దీనికి నువ్వు ఒక్క వాక్యమే ఇచ్చావు, పెంచు. పెంచేటప్పుడు ట్రెంట్ రిచర్డ్‌సన్‌నీ చెప్పు. 2012లో మూడో పిక్ అతను. రూకీగా 950 యార్డులు చేశాడు, కానీ క్యారీకి (బంతి మోసిన ఒక్కోసారికి) సగటు 3.6 యార్డులే. 2013 సెప్టెంబర్‌లోనే అతని టీమ్ క్లీవ్‌లాండ్ అతన్ని ఒక మొదటి రౌండ్ పిక్‌కి కోల్ట్స్‌కి ఇచ్చేసింది. అటువైపు ఆల్విన్ కమారా 2017లో 67వ పిక్. టెనెసీ యూనివర్సిటీలో రెండు సీజన్లూ కలిపి 210 క్యారీలే, అయినా రూకీగానే 81 క్యాచ్‌లు పట్టాడు. పిక్ నంబర్ మొదట్లో అవకాశం ఇప్పిస్తుంది, ఆ తర్వాత అంతా ఆటగాడి చేతిలోనే ఉంటుంది.

ఇక నీ అంకెల గురించి. 2024లో జెంటీ బాయిసీ స్టేట్ కాలేజీ తరఫున 2,601 యార్డులు చేశాడు, బ్యారీ శాండర్స్ 1988 కాలేజీ రికార్డు 2,628కి 27 యార్డుల దూరంలో ఆగిపోయాడు అని రాశావు. అంకెలు సరిగ్గానే ఉన్నాయి. కానీ శాండర్స్ లెక్క 11 మ్యాచ్‌లది, ఆ రోజుల్లో బౌల్ మ్యాచ్ (సీజన్ చివర్లో ఆడే ప్రత్యేక మ్యాచ్) యార్డులు సీజన్ మొత్తంలో కలిపేవారు కాదు. జెంటీ లెక్క 14 మ్యాచ్‌లది, 374 క్యారీలది. ఈ మాట చెప్పినంత మాత్రాన జెంటీ తగ్గిపోడు. చెప్పకపోతే మాత్రం, ఆ తేడా తెలిసిన పాఠకుడు నీ మిగతా అంకెల్నీ అనుమానిస్తాడు. బాయిసీ స్టేట్ ప్రత్యర్థులు బలహీనులు అనే విమర్శకి నువ్వు ఓరెగన్ మీద చేసిన 192 యార్డులు, మూడు టచ్‌డౌన్‌లు చూపించావు. బాగుంది. మరి ఫియెస్టా బౌల్‌లో పెన్ స్టేట్ అతన్ని 30 క్యారీల్లో 104 యార్డులకి కట్టడి చేసిన మ్యాచ్ ఏది? రెండూ పక్కపక్కన పెట్టి, ఆ రెండో మ్యాచ్‌లో అసలు ఏం జరిగిందో వీడియో చూసి రాయి. ముందు కాపు కాసే లైన్ విరిగిపోయి వెనకే దొరికిపోయాడా, దారి ఉన్నా చూడలేకపోయాడా? ఈ ప్రశ్నకి జవాబు ఏ పట్టికలోనూ దొరకదు. నీలాంటి రచయిత అవసరం ఉన్నది ఇలాంటిచోటే.

క్యాచ్‌ల దగ్గర నీ తీర్పు నాకు అస్సలు నచ్చలేదు. 2024లో 23 క్యాచ్‌లు, 138 యార్డులే కాబట్టి పాస్ ఆటలో పెద్దగా పనికిరాడు అన్నావు. ఒక్క ఏడాది వెనక్కి వెళ్లి చూడు. 2023లో 43 క్యాచ్‌లు, 569 యార్డులు. ఆ చేతులు ఏడాదిలో ఎక్కడికి పోతాయి? 2024లో అతన్ని పరుగుకే ఎక్కువగా వాడుకున్నారు, అంతే. క్యాచ్‌కి ఒక పాయింట్ ఇచ్చే లీగుల్లో ఇది చిన్న విషయం కాదు. క్రిస్టియన్ మెకాఫ్రీ 2019లో 116 క్యాచ్‌లతో 1,005 యార్డులు చేశాడు. క్యాచ్‌కి ఒకటి, పది యార్డులకి ఒకటి చొప్పున లెక్కేస్తే అతని పరుగుల జోలికి పోకుండానే 216 పాయింట్లు దాటుతాయి. అయితే మంచి చేతులు ఉన్నంత మాత్రాన మూడో డౌన్‌లో (పది యార్డులకి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోది, ఎక్కువగా పాస్ వేసేది) ఆడించరు. బ్లిట్జ్ చేస్తూ దూసుకొచ్చేవాణ్ని ఆపి క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడగలడని కోచ్‌కి నమ్మకం కుదరాలి. చాలామంది రూకీలు కూర్చుండిపోయేది అక్కడే. నీ వ్యాసంలో ఈ అడ్డుకోవడం (బ్లాకింగ్) మాటే లేదు.

డ్రాఫ్ట్‌కి ముందు ఇండియానాపొలిస్‌లో జరిగే కంబైన్ పరీక్షల్లో జెంటీ 40 యార్డులు పరిగెత్తలేదు. పరిగెత్తి ఉంటే ఎంత వచ్చేదో నువ్వు అంచనా వేశావు. ఆ వాక్యం తీసెయ్. టెక్సస్‌లో ఫ్రిస్కోలోని లోన్ స్టార్ హైస్కూల్, నేవీలో ఉన్న తండ్రితో పాటు ఇటలీలోని నేపుల్స్‌లో గడిపిన రోజులు, ఇవి మాత్రం ఉంచు. మన తెలుగువాళ్లు అంతమంది ఉన్న ఫ్రిస్కోలో ఆడిన కుర్రాడంటే పాఠకుడికి ముచ్చటేస్తుంది, నాకూ వేసింది. కానీ దాన్ని పిక్‌కి కారణంగా చూపించకు.

వయసు గురించి ఇంకా రాయాలి. రన్నింగ్ బ్యాక్‌కి ఇరవై ఆరు, ఇరవై ఏడు దాటాక విలువ వేగంగా పడిపోతుంది. జెంటీ ఇరవై ఒకటికే లీగ్‌లోకి వస్తున్నాడు. మొదటి రౌండ్ కాంట్రాక్ట్ నాలుగేళ్లు, ఆప్షన్‌తో ఐదు. అతని మంచి వయసంతా దాదాపు అందులోనే గడుస్తుంది. అందుకే మొదటి పిక్ చేతిలో ఉన్నవాడికి తీసుకోమనే నేనూ చెప్తాను. అదే పిక్ కోసం ముసలి టీమ్‌తో ఈ ఏడే గెలవాలని చూస్తున్నవాడు ఎంత ఇవ్వొచ్చు, టీమ్‌ని మొదటి నుంచి కట్టుకుంటున్నవాడు ఎంత ఇవ్వొచ్చు అన్నది వేరువేరుగా రాయి. ఏం చూస్తే నీ అభిప్రాయం మార్చుకుంటావో కూడా రాయి. ఉదాహరణకి, అక్టోబర్ వచ్చినా మూడో డౌన్‌లో వేరేవాడే ఆడుతుంటే అప్పుడేమంటావు?

ఇంకో కొత్త రన్నింగ్ బ్యాక్ ఒమారియన్ హాంప్టన్ మీద చివర్లో రాసిన రెండు పేరాలు కూడా తిరగరాయి. ఛార్జర్స్ అతన్ని 22వ పిక్‌తో తీసుకున్నా, అక్కడ నజీ హారిస్ ఉన్నాడు కాబట్టి దూరంగా ఉండమన్నావు. హారిస్ మార్చిలో కుదుర్చుకున్నది ఒక్క ఏడాది కాంట్రాక్ట్. 2020లో మ్యాక్ పేరు చెప్పి టేలర్‌ని వదిలేసినవాళ్ల మాటల పక్కన నీ పేరాలు పెట్టుకుని చదువు. అప్పటికీ హాంప్టన్ వద్దనే అనిపిస్తే, అతని ఆటలో కనబడిన కారణం ఒకటి రాసి మీ లీగ్ రూకీ డ్రాఫ్ట్‌కి ముందే నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య