అడుగు పడకముందే తెగే పాట

ప్రశ్న: నేను సంగీతం టీచరుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. సంక్రాంతి సెలవులకు వచ్చిన మా మనవరాలు ‘మూలాన్ రూజ్’ అనే ఆంగ్ల సంగీత చిత్రాన్ని ఎంతో ఇష్టంగా టీవీలో పెట్టి చూపించింది. పాటలు వినసొంపుగానే ఉన్నాయి గాని, ఒక బొమ్మ కంటికి ఆనేలోగా ఇంకొకటి వచ్చి పడుతుంటే తల తిరిగి, అరగంట కాకుండానే లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. అలాంటివి మా కాలం వారికి అందవని మనవరాలు అంటోంది. లోపం నా వయసుదా, ఆ సినిమా కూర్పుదా?
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: అమ్మా, మీ వయసులో లోపం లేదు. తాళం తెలిసిన చెవి ఉండడం వల్లనే ఆ ఇబ్బంది మీకు మరింతగా తెలిసిందని నా నమ్మకం. అయితే ఆ చిత్రం గురించి కూడా న్యాయంగా మాట్లాడాలి. 2001లో వచ్చిన ఆ చిత్రానికి బాజ్ లుర్మన్ దర్శకుడు, జిల్ బిల్‌కాక్ ఎడిటరు. ఆమె కూర్పుకు ఆస్కార్ నామినేషన్ దక్కింది. ప్యారిస్ నాట్యశాలలోకి తొలిసారి అడుగుపెట్టిన పేద రచయితను ఆ వెలుగులూ రంగులూ కేరింతలూ ఎలా ఉక్కిరిబిక్కిరి చేస్తాయో, ప్రేక్షకుణ్ణీ అలాగే చేసేలా మొదటి భాగాన్ని ముక్కలు ముక్కలుగా కూర్చారు. నాయికా నాయకులు దగ్గరయ్యే పాటల దగ్గరికి వచ్చేసరికి ఆ కూర్పు చాలావరకు నెమ్మదిస్తుంది. మీరు లేచి వెళ్లింది ఆ తాకిడి తగ్గబోయే సమయంలోనే.

ఇక మీకు కలిగిన ఇబ్బంది. షాటు, అంటే కోత లేకుండా సాగే ఒక దృశ్యపు ముక్క, మారిన ప్రతిసారీ కన్ను కొత్త బొమ్మలో ఎక్కడ చూడాలో వెతుక్కోవాలి. మామూలుగా చూసేటప్పుడే మన చూపు సెకనుకు రెండు మూడు సార్లు చోటు మారుతుంది. షాటు నిడివి ఒక్క సెకనే అయితే అందులో మంచి భాగం ఆ వెతుకులాటకే పోతుంది. మిగిలిన కాస్తలో ముఖం కనబడుతుంది గాని నాట్యం కనబడదు. ముఖాన్ని గుర్తుపట్టడానికి లిప్తకాలం చాలు. అడుగుకు అది చాలదు, ఎందుకంటే అడుగు అంటే పాదం లేవడం, గాలిలో సాగడం, నేలను తాకడం, ఒంటి బరువు ఆ కాలి మీదికి మారడం. ఇవన్నీ తెగకుండా అందితేనే కుర్చీలో కూర్చున్న మన ఒంట్లో కూడా ఆ అడుగు పడుతుంది. పాదం లేచింది ఒక షాటులో, నేలను తాకింది మరొక షాటులో అయితే, నర్తకి ఆడిందన్న సంగతి తెలుస్తుంది గాని ఆ ఆట మనకు దక్కదు.

చెవి సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు గాని, ఒక చిన్న లెక్క చూడండి. నిమిషానికి 120 దెబ్బల నడకలో సాగే పాటలో ఒక్కో దెబ్బకు అర సెకను పడుతుంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు (కదలని బొమ్మలు) గనుక, దెబ్బకు 12 ఫ్రేములు. ఆది తాళంలో లాగా ఎనిమిది దెబ్బలకు ఒక ఆవర్తనం పూర్తవుతుందనుకుంటే అది నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లలో షాటు ఐదుసార్లు, అదీ దెబ్బతో పొంతన లేని చోట్ల మారిందనుకోండి: చెవి ఒక నిండు వాక్యాన్ని వింటుండగా కన్ను ఐదు అరకొర మాటలను కూడబలుక్కుంటూ ఉంటుంది. తల తిరిగినట్లు అనిపించేది ఈ తగవు వల్లనేనని నా ఊహ. అదే మార్పు సమం మీద, అంటే ఆవర్తనం మొదలయ్యే దెబ్బ మీద పడితే షాటు మారినట్లు అంతగా తోచదు.

ఇంకో నష్టం ఉంది, నా దృష్టిలో అదే పెద్దది. మన గోదావరి జిల్లాల్లో పద్యనాటకాలు చూసిన వారికి అది వెంటనే అర్థమవుతుంది. చిన్నతనంలో పాలకొల్లు కాలువ గట్టున వేసిన పందిట్లో నేను చాలా రాత్రులు తెల్లవార్లూ కూర్చున్నాను. పద్యం చివర నటుడు రాగం అందుకుంటే, అది ఎంత ఎత్తుకు పోయి ఎక్కడ దిగుతుందోనని జనమంతా ఊపిరి బిగబట్టి, దిగిన క్షణాన ‘వన్స్ మోర్’ అని ఒక్కసారిగా అరిచేవారు. ఆ అరుపులో సగం రాగం ఇచ్చిన సంతోషమైతే, మిగతా సగం అంతసేపు ఎదురుచూసినందుకు కలిగిన సంతోషం. అతివేగంగా కూర్చిన పాట ఈ రెండో సగాన్ని మనకు లేకుండా చేస్తుంది. మనం కోరుకునే వ్యవధి ఇవ్వకుండానే తరువాతి వస్తువును చేతిలో పెట్టేస్తుంది.

ఈ వేగం ఒక్కరోజులో వచ్చింది కాదు. 1930 – 60 మధ్య హాలీవుడ్ చిత్రాల్లో షాటు సగటు నిడివి ఎక్కువగా 8 నుంచి 11 సెకన్లు ఉండేదనీ, శతాబ్దం ముగిసేనాటికి 3 నుంచి 6 సెకన్లకు దిగిందనీ సినిమా చరిత్రకారుడు డేవిడ్ బోర్డ్‌వెల్ లెక్కగట్టారు. 1930లలో హాలీవుడ్ నటుడు, నర్తకుడు ఫ్రెడ్ ఆస్టైర్ తన నాట్యాన్ని తల నుంచి పాదాల దాకా ఒకే ఫ్రేములో, వీలైనంత తక్కువ కోతలతో చూపాలని పట్టుబట్టేవాడు. ఆయన ఆడగలడు గనుక ఆ పట్టుదల చెల్లింది. ఆడలేని కాలును కత్తెర దాచిపెట్టగలదు. అలా దాచడానికి అలవాటు పడిన చేయి, ఆడగలిగిన కాలును కూడా అదే తీరున కోయడం నాకు బాధ కలిగించే విషయం. 1981లో మొదలైన, పాటల వీడియోలు చూపే ఎంటీవీ ఛానల్ కంటిని ఈ వేగానికి అలవాటు చేసింది. ఫిల్మును చేత్తో కోసి అతికించే రోజులు పోయి కంప్యూటర్ వచ్చాక, కోతకు ముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించే అవసరమూ తగ్గింది.

అంతమాత్రాన వేగమే దోషమని నేను రాయలేను, ఎందుకంటే దానికి ఎదురు సాక్ష్యం మన పక్కనే ఉంది. పసలపూడి కథలు రాసిన వంశీ తన పాటల్లో చిన్న చిన్న షాట్లను వాద్యాల దెబ్బకు సరిగ్గా కుదిర్చి కూర్పించారు. ఆయన తీసిన ‘సితార’కు 1984 సంవత్సరపు ఉత్తమ ఎడిటరు జాతీయ పురస్కారం అనిల్ మల్నాడ్‌కు వచ్చింది. ఆ చిత్రాల్లో కోత పాటకు విరోధి కాదు, మృదంగం పక్కన ఘటం లాంటిది. కొవ్వూరులో పుట్టిన కీరవాణి స్వరపరచి, చంద్రబోస్‌తో కలిసి 2023లో ఆస్కార్ అందుకున్న ‘నాటు నాటు’ నడక ఎంత వేగమో మీకు తెలుసు. అయినా ఇద్దరు నటుల నాలుగు కాళ్లూ ఒకే ఫ్రేములో, ఒకే లెక్కకు కదలడం మనకు కనబడేలా వదిలారు. ఆ ఇద్దరినీ విడివిడి షాట్లలో చూపి ఉంటే కలిసి వేసిన అడుగని ఎవరు నమ్ముతారు?

మనవరాలిని మళ్లీ ఆ చిత్రం పెట్టమనండి. ఈసారి మొదటి అరగంటను కళ్లు మూసుకుని వినండి, తరువాతి భాగాన్ని తెర నుంచి కాస్త దూరంగా కూర్చుని చూడండి. తెర దగ్గరగా ఉన్నకొద్దీ షాటు మారినప్పుడల్లా చూపు ఎక్కువ దూరం పరుగెత్తవలసి వస్తుంది.

ప్రశ్న: పాత పాటల చిత్రీకరణ నెమ్మదిగా ఉండేది గనుకనే అవి నేటికీ నిలిచాయని అనవచ్చా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: అనకూడదండి. చెట్టు పక్కన కెమెరాను నిలబెట్టి, నటుల చేత చేతులు ఊపించి పూర్తిచేసిన పాత పాటలు కూడా కొల్లలుగా ఉన్నాయి. వాటిని ఈనాడు రేడియోలో వింటామే తప్ప చూడం. ‘మూగమనసులు’లో గోదావరి మీది పాటలు నేటికీ చూడబుద్ధి వేస్తాయంటే, రాజమండ్రిలో పుట్టిన ఆదుర్తి సుబ్బారావు దర్శకుడు కాకముందు ఎడిటరుగా పనిచేసి, ఎక్కడ కోయాలో, ఎక్కడ కోయకూడదో చేత్తో నేర్చుకుని ఉండడం అందుకు ఒక కారణమని నేననుకుంటాను.

ప్రశ్న: నేను పెళ్లిళ్లకు, జాతరలకు వీడియోలు తీసి ఎడిటింగ్ చేస్తుంటాను. మా అమ్మవారి జాతరలో గరగల నృత్యం (అమ్మవారి కలశాన్ని తల మీద పెట్టుకుని ఆడేది), కోలాటం మూడు కెమెరాలతో తీశాను. వేగంగా కట్ చేస్తేనే జనం చూస్తారని మిత్రులు అంటున్నారు. ఎన్ని సెకన్లకు ఒక షాటు మార్చాలి?
– ఒక యువకుడు, భీమవరం

జవాబు: బాబూ, సెకన్ల లెక్క ఎవరు చెప్పినా నమ్మవద్దు. ఎడిటింగ్ మీద ప్రసిద్ధ పుస్తకం రాసిన వాల్టర్ మర్చ్ కోతకు ఆరు కొలతలు చెప్పి, భావానికి మొదటి స్థానం, కథకు రెండో స్థానం, లయకు మూడో స్థానం ఇచ్చారు. ఆ తరువాత వెంటనే, ప్రేక్షకుడి చూపు తెర మీద ఎక్కడ ఉందో చూసుకోమన్నారు. నీకు ముందుగా పనికొచ్చేది ఆ చూపు సంగతే. ఒక షాటు చివర మన చూపు కుడివైపు కోలల మీద ఉంటే, తరువాతి షాటులో చూడవలసిన వస్తువు కూడా దాదాపు అక్కడే ఉండాలి. అలా కుదిరితే వేగంగా కోసినా కన్ను అలసిపోదు.

గరగల విషయంలో మాత్రం నా మాట గట్టిగా పట్టుకో. తల మీద గరగ నిలిచి ఉండగా కింద కాళ్లు అంత ఉధృతంగా ఆడుతున్నాయే, అదీ ఆ నృత్యంలోని ఆనందం. నువ్వు ముఖం ఒకసారి, గరగ ఒకసారి, కాళ్లు ఒకసారి విడివిడిగా చూపితే, గరగ నిజంగా తల మీద నిలిచిందన్న నమ్మకమే పోతుంది. డప్పు వరుస మొదలైన చోటి నుంచి ముక్తాయింపు (వరుసను ముగించే దెబ్బలు) పడేదాకా నిండు మనిషిని ఒకే షాటులో ఉంచు. కోలాటానికి మేడ మీద పెట్టిన కెమెరా ఉంటే దాన్నే ఎక్కువగా వాడు, ఎందుకంటే ఆ అల్లిక పైనుంచే తెలుస్తుంది. వరుస మారేటప్పుడు దిగివచ్చి ముఖాలు చూపు.

మర్చ్ తన ఎడిటింగ్ తెర కింది అంచున కాగితంతో కత్తిరించిన ఇద్దరు మనుషుల బొమ్మలు నిలబెట్టుకునేవాడు. ఆ బొమ్మలు ప్రేక్షకులైతే తెర ఎంత పెద్దదిగా ఉంటుందో మరచిపోకుండా ఉండడానికి. చిన్న తెర మీద కోసే చేయి తెలియకుండానే తొందరపడుతుంది. నీ వీడియో ఫోనులోనే కాక గుడి ముందు కట్టిన తెర మీద కూడా వేస్తారు గనుక, పూర్తిచేసే ముందు ఒకసారి పెద్ద టీవీలో, శబ్దం తీసేసి చూడు. డప్పు వినబడకపోయినా నీ కాలు దానంతటదే తాళం వేస్తే కూర్పు కుదిరినట్లే. వేయకపోతే, ముక్తాయింపుకు ముందు పడిన కోతలను వెతికి తీసెయ్యి.