మెయింటెనెన్స్ బ్రాంచ్‌ల తనిఖీల గురించి ఒక లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ల మెయింటెనెన్స్ బ్రాంచ్‌లను (సవరణలు మాత్రమే చేరే కోడ్ శాఖలను) నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. మెయిన్‌లో, అంటే ప్రధాన బ్రాంచ్‌లో, కోడ్ మారినప్పుడల్లా వాటంతటవే నడిచేలా పెట్టిన తనిఖీలనే అక్కడా యథాతథంగా నడపాలనుకుంటున్నావని రాశావు. ఆ ఆలోచన మానుకో. ఆ బ్రాంచ్‌ల్లోకి కొత్త ఫీచర్లు రావు, మెయిన్‌లో నిగ్గుతేలిన సవరణలే బ్యాక్‌పోర్ట్ అవుతాయి, అంటే పాత వెర్షన్‌లోకి చేరతాయి. కాబట్టి, ఈ సవరణ వల్ల ఇప్పటికే వాడుతున్నవారి పని చెడుతుందా అన్నదే అక్కడి తనిఖీలు తేల్చాలి.

ముందుగా బ్రాంచ్ విడిపోయిన నాటి లింటర్ (కోడ్‌లో లోపాలు చూపే సాధనం), ఫార్మాటర్ (కోడ్ రాత తీరును సరిచేసే సాధనం) వెర్షన్లను పిన్ చెయ్యి, అంటే మారకుండా స్థిరపరచు. పైథాన్‌కు వాడే బ్లాక్ అనే ఫార్మాటర్ స్టైల్ ఏటా కొంత మారుతుంది కనుక, పిన్ చేయకపోతే ఎవరూ ముట్టుకోని ఫైళ్లు కూడా ఒక ఉదయం ఫెయిలవుతాయి. వాటిని శాంతింపజేయడానికి పాత కోడ్‌ను దిద్దవద్దు. దిద్దిన ప్రతి వరుసా రేపటి చెర్రీపిక్‌లో (ఒక మార్పును వేరే బ్రాంచ్ నుంచి ఏరి తెచ్చుకునేటప్పుడు) కాన్‌ఫ్లిక్ట్ అయి, అంటే పొసగక, ఎదురొస్తుంది. వార్నింగ్‌లను ఎర్రర్లుగా పరిగణించే సెట్టింగ్‌ను ఆ బ్రాంచ్‌ల్లో తీసెయ్యి, ఎందుకంటే వాడేవారి కంపైలర్ నీ చేతిలో ఉండదు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది నిశ్శబ్దంగా ఉండే బ్రాంచ్. నెలల తరబడి కమిట్ (నమోదైన కోడ్ మార్పు) లేకపోతే తనిఖీలూ నడవవు. తీరా అత్యవసర భద్రతా సవరణ వచ్చిన రోజున, రన్నర్ ఇమేజే (తనిఖీలు నడిచే యంత్రానికి కావలసిన సిస్టమ్ ప్రతే) లేదని తెలుస్తుంది. కోడ్‌ను ఉంచి తనిఖీలు నడిపే గిట్‌హబ్ సేవ 2025 ఏప్రిల్‌లో ఉబుంటు 20.04 ఇమేజ్‌ను తొలగించాక, దాని మీద ఆధారపడిన జాబ్‌లకు ఇదే గతి పట్టింది. అందుకే వారానికొకసారైనా ప్రతి సజీవ బ్రాంచ్‌నూ నడిపించు. గిట్‌హబ్‌లో షెడ్యూల్డ్ వర్క్‌ఫ్లోలు (నిర్ణీత సమయానికి నడిచే పనులు) డిఫాల్ట్ బ్రాంచ్‌లో, సాధారణంగా మెయిన్‌లో, మాత్రమే నడుస్తాయి కాబట్టి, పాత బ్రాంచ్‌లోని ఫైల్‌లో షెడ్యూల్ రాసి నిశ్చింతగా ఉండకు. డిఫాల్ట్ బ్రాంచ్‌లోని వర్క్‌ఫ్లో నుంచే పాత బ్రాంచ్ కోడ్‌ను చెకౌట్ చేసి (తెచ్చుకుని) టెస్టులు నడపాలి.

టెస్టులనూ, భద్రతా లోపాల స్కాన్‌నూ మాత్రం సడలించవద్దు. ఏదైనా టెస్టును తప్పనిసరిగా ఆపవలసి వస్తే, కారణాన్ని కమిట్ మెసేజ్‌లోనే రాయి. నీ తర్వాత వచ్చేవారికి అదొక్కటే ఆధారం.

కొత్తగా చేర్చదగిన తనిఖీ ఒకటుంది. లినక్స్ స్టేబుల్ కెర్నెల్‌లోకి (సవరణలు మాత్రమే చేరే విడుదలల్లోకి) రావాలంటే ప్యాచ్ ముందే మెయిన్‌లైన్‌లో, అంటే ప్రధాన కోడ్‌లో, ఉండాలన్నది నియమం. అదే నియమాన్ని నువ్వూ పెట్టుకో. చెర్రీపిక్‌కు మైనస్ ఎక్స్ (-x) ఆప్షన్ ఇస్తే అసలు కమిట్ హ్యాష్ (ఆ కమిట్‌ను గుర్తించే కోడ్) మెసేజ్‌లో చేరుతుంది; ఆ హ్యాష్ గల కమిట్ నిజంగా మెయిన్‌లో ఉందో లేదో స్క్రిప్టుతో సరిచూడు.

ఏ తనిఖీ తీసేసినా, బ్రాంచ్ రక్షణ నియమాల్లోని తప్పనిసరి జాబితా నుంచి కూడా దాని పేరు తొలగించు. లేకపోతే ఎన్నటికీ రాని ఫలితం కోసం మెర్జ్ (మార్పును బ్రాంచ్‌లో కలపడం) ఆగిపోయి ఉంటుంది.