ఫైరింగ్ రేంజ్ పక్క ఊళ్లో బోరు నీళ్లు చెడిపోతాయా?

రేంజ్ పక్కన ఉన్నంత మాత్రాన చెడిపోవు. అక్కడ ఏం కాల్చారు, అది నీళ్లలో కరుగుతుందా, మీ బోరు వైపు దానికి దారి ఉందా అన్న మూడింటి మీద ఆధారపడుతుంది. కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర డీఆర్‌డీఓ పరీక్షా కేంద్రం ఉంది కాబట్టి ఆ చుట్టుపక్కల ఈ టెన్షన్ సహజమే.

తూటాల్లోని సీసం మట్టిని పట్టుకుని చాలావరకు పైపొరలోనే ఉండిపోతుంది. దానితో ముప్పు దుమ్ము వల్ల, అక్కడ మేసే గొర్రెలకు ఎక్కువ. రాకెట్ ఇంధనంలో వాడే పెర్‌క్లోరేట్ అలా కాదు, ఉప్పులా కరిగి నీటి వెంటే పోతుంది. ఆర్‌డీఎక్స్ అనే పేలుడు పదార్థం కూడా నీటితో కిందికి దిగుతుంది. పూర్తిగా పేలిన గుండు మిగిల్చేది చాలా తక్కువ. సగం పేలి చిట్లినదే అసలు తంటా. పైగా మన సీమలో చాలాచోట్ల నీరు రాతి పగుళ్ల వెంట నడుస్తుంది. దగ్గరి బోరు బాగుండి దూరపుది పాడవచ్చు. కిలోమీటర్లు లెక్కపెట్టి లాభం లేదు.

అమెరికాలోని కేప్ కాడ్ శిక్షణ స్థావరంలో ఇసుక నేల గుండా పెర్‌క్లోరేట్, ఆర్‌డీఎక్స్ రెండూ భూగర్భజలంలోకి దిగాయి. 1997లో అక్కడ ఫిరంగి కాల్పులు ఆపించారు.

టీడీఎస్ మీటర్ పెట్టి ‘నీళ్లు మంచివే’ అనుకోవడం పొరపాటు. అది మొత్తం లవణాలను మిల్లీగ్రాముల్లో చూపుతుంది; పెర్‌క్లోరేట్ అందులో వెయ్యో వంతైన మైక్రోగ్రాముల్లో ఉన్నా లెక్కలోకి తీసుకోవాల్సిందే. మరిగించినా పోదు. ల్యాబ్‌లో పెర్‌క్లోరేట్, ఆర్‌డీఎక్స్ అని పేరు చెప్పి మరీ పరీక్ష చేయించాలి. అన్నట్టు, అనంతపురం నీళ్లలోని ఫ్లోరైడ్ ప్రధానంగా రాతి నుంచి వచ్చేదే, రేంజ్‌ల నుంచి కాదు.