జనకం ఏది, జన్యం ఏది?

సందేహం: పర్లాకిమిడిలో పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్తున్నాను. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. కెమిస్ట్రీ లెక్క తెలుగులో చెప్తే త్వరగా పట్టుకుంటారు గానీ క్రియాజనకం, క్రియాజన్యం దగ్గర తికమకపడి మోల్ (కణాల సంఖ్యను లెక్కించే కొలత) నిష్పత్తిని తిరగేస్తున్నారు. ఈ మాటలు మానేయనా? నిష్పత్తికి తేలిక మాట ఉందా?

సమాధానం: మానకండమ్మా, విప్పి చెప్పండి. జనకుడంటే కన్నవాడు, సీతమ్మ తండ్రి పేరు పిల్లలకు తెలిసిందే. జన్యం అంటే పుట్టినది. రసాయన చర్యకు ముందున్న పదార్థం జనకం, చర్యలో పుట్టినది జన్యం. అయినా తప్పు పిల్లలది కాదు. సమీకరణంలో ఎదురెదురుగా ఉండేవాటికి ఇంత దగ్గరగా వినిపించే పేర్లు పెట్టాల్సింది కాదని నా అభిప్రాయం. క్రియాజన్యాన్ని ‘ఉత్పన్నం’ అనండి, ఆ మాటా వాడుకలో ఉన్నదే.

నిష్పత్తికి మనకు చక్కని మాట ‘పాలు’. తాపీమేస్త్రి ‘ఒకటికి నాలుగు పాళ్లు ఇసుక’ అంటాడే, అదే. తాగే పాలకు ఏకవచనం లేదు. ఈ పాలుకు బహువచనం పాళ్లు. రెండు పాళ్లు హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్ కలిస్తే రెండు పాళ్లు నీరు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి: ఈ పాళ్లు మోల్స్‌లో, అంటే కణాల లెక్కలో, తూకంలో కాదు. తూకంలో అవి 4, 32, 36 గ్రాములు.

16 గ్రాముల ఆక్సిజన్‌కు సరిపడా హైడ్రోజన్ ఇస్తే ఎంత నీరు వస్తుంది? 16ను 32తో భాగిస్తే అర మోల్ ఆక్సిజన్. ఒక పాలు ఆక్సిజన్‌కు రెండు పాళ్లు నీరు కాబట్టి ఒక మోల్ నీరు, 18 గ్రాములు. పాళ్లు తిరగేసి రెండుకు ఒకటి అనుకున్న పిల్లవాడికి పావు మోల్, నాలుగున్నర గ్రాములు వస్తుంది. అప్పుడు కొట్టేయకుండా ‘పదహారు గ్రాములు వేస్తే నాలుగున్నరేనా? మిగతా ఆక్సిజన్ ఏమైందిరా?’ అని అడగండి. వాడే దిద్దుకుంటాడు.

ఇంట్లో మాట్లాడే తెలుగులో చదువు చెప్పడానికి జంకకండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఉపాధ్యాయుడిగా చేరింది మీ ఊళ్లోనే. పరీక్షలో మాత్రం పిల్లలు అక్కడి పుస్తకంలో ఉన్న మాటే రాయాలి. నోటితో చెప్పేటప్పుడు ‘ఆక్సిజన్ నుంచి నీరు’ అనిపించండి. ‘నుంచి’ ఏ మాట వెనక వస్తే అది జనకం.